ముందు తలుపుల గాజు టెర్రేరియం 45×45×60: వరంగల్ ఎండల్లో చెట్టుకప్పకు సరిపోతుందా?

టెర్రేరియం అంటే మట్టి, మొక్కలు వేసి కప్పలాంటి జీవిని పెంచే గాజు పెట్టె. ముందుగానే తేల్చి చెప్తే, పెట్టె గట్టిది, తలుపులు బాగున్నాయి, మూత మాత్రం మన ఊరికి పనికిరాదు. ఆ మూతను మార్చుకునే ఓపిక ఉండాలి, ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా గదిని చల్లగా ఉంచే ఏర్పాటూ ఉండాలి. ఈ రెండిట్లో ఏది లేకపోయినా ఈ డబ్బు పెట్టొద్దు, కప్పను తేవొద్దు. పెట్టె వరకైతే 5కి 4, వచ్చిన మూతతో ఉన్నదున్నట్టు వాడితే 2.

ఈ రకం పెట్టె ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో దొరుకుతుంది, కట్టుబడి దాదాపు ఒకటే. వెడల్పు 45, లోతు 45, ఎత్తు 60 సెంటీమీటర్లు. ముందు రెండు గాజు తలుపులు, వాటి కింద సన్నటి గాలి పట్టీ, పైన మొత్తం స్టీల్ జాలీ, వెనక మూలల్లో వైర్లకు రంధ్రాలు, నేల నుంచి కొంచెం పైకి లేపిన అడుగు. చలిదేశాల ఇళ్లను మనసులో పెట్టుకుని చేసిన డిజైన్ ఇది. అక్కడివాళ్ల బాధ పెట్టెను వెచ్చగా ఉంచడం ఎట్లా అని. అందుకే అడుగున హీట్ మ్యాట్‌కు జాగా, పైన దీపం వేడి దిగడానికి జాలీ. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే మన దగ్గర సమస్య దీనికి పూర్తిగా తలకిందులు. డబ్బాతో వచ్చే కాగితంలో దీని గురించి ఒక్క ముక్క ఉండదు.

ఏ కప్ప కోసం అన్నది ముందు తేలాలి. రంగురంగుల డార్ట్ ఫ్రాగ్స్ ఫోటోలు చూసి మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. అవి 27 డిగ్రీలు దాటితేనే ఇబ్బందిపడే వానాడవి జీవులు, హన్మకొండలో స్లాబు కింద గదికి అవి కావు. ఉత్తర తెలంగాణకు కాస్తో కూస్తో కుదిరేది వైట్స్ ట్రీ ఫ్రాగ్ అనే చెట్టుకప్ప. 1790లో దీన్ని వర్ణించిన జాన్ వైట్ పేరే దానికి నిలిచింది. సొంత ఊరు ఉత్తర, తూర్పు ఆస్ట్రేలియా, న్యూగినీ దక్షిణ భాగం. ఉత్తర ఆస్ట్రేలియాలో కూడా కొన్ని నెలలు కుండపోత వానలు, కొన్ని నెలలు చుక్క పడని పొడి కాలం. ఆ పొడి కాలంలో చెట్టు తొర్రల్లో, ఇళ్ల నీళ్ల ట్యాంకుల్లో, బాత్‌రూముల్లో దాక్కుని బతికే కప్ప ఇది. పగలు 24 నుంచి 28 డిగ్రీలు, రాత్రి 20 నుంచి 22, తేమ 50 నుంచి 70 శాతం ఉంటే హాయిగా ఉంటుంది. 32 దాటి గంటలకొద్దీ ఉంటే ప్రమాదం మొదలైనట్టే. సరిగ్గా చూసుకుంటే 15 ఏళ్లు దాటి బతుకుతుంది, ఆడది 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఈ పెట్టెలో రెండే పెద్ద కప్పలు, మూడోది వద్దు.

దీన్నిబట్టి లోపల కట్టాల్సింది వానాడవి కాదు. లావుపాటి కొమ్మలు, ఒక తొర్ర, పైభాగం ఆరి, అడుగుభాగం చెమ్మగా ఉండే నేల. పొద్దున సాయంత్రం జల్లు కొట్టి ఎప్పుడూ గాజు మీద నీళ్లు కారుతుంటేనే అందం అనుకుంటే ఈ కప్పకు చర్మం మీద బ్యాక్టీరియా పడుతుంది, తొడల కింద ఎర్రబడుతుంది. జల్లు కొట్టిన నాలుగైదు గంటలకు గాజు ఆరిపోవాలి. అదే లెక్క.

పెట్టెలో బాగున్నదేంటో చెప్పాలి. పైనుంచి చెయ్యి దింపితే ఏ కప్పైనా గద్ద వచ్చిందనుకుని ఎగిరి గాజుకు కొట్టుకుంటుంది. ముందు తలుపు తీస్తే ఆ బెదురు ఉండదు. రెండు తలుపులు విడివిడిగా తెరుచుకోవడం వల్ల నీళ్ల గిన్నె తియ్యాలంటే ఒక్కటి తీస్తే చాలు. కింది గాలి పట్టీ నుంచి గాలి లోపలికొచ్చి పై జాలీలోంచి పోతుంది, గాజు తొందరగా ఆరుతుంది, బూజు తక్కువ.

కానీ ఆ గాలి పట్టీ దగ్గరే ఒక తప్పు జరుగుతుంటుంది. మట్టిని ముందువైపు ఆ పట్టీ అంచు దాకా నింపితే, దీపం వత్తి నూనె పీల్చినట్టు మట్టిలో కలిపే కొబ్బరి పొట్టు నీళ్లను పైకి పీల్చి, పట్టీ రంధ్రాల్లోంచి చుక్కచుక్కగా బయటకు దింపుతుంది. రెండు రోజుల్లో టేబుల్ చెక్క ఉబ్బుతుంది. పెట్టె కారుతోందని తిరిగి పంపేస్తారు. పెట్టె కారడం లేదు. ముందువైపు మట్టి పట్టీకి రెండు వేళ్ల కింద ఆగిపోవాలి, వెనకవైపు ఎంత ఎత్తైనా ఫర్వాలేదు. ఇంకోటి, తలుపు కింది గాడిలో కొబ్బరి పొట్టు చేరితే తలుపు పూర్తిగా పడదు. మూసినట్టే కనిపిస్తుంది, గొళ్లెం కూడా పడుతుంది, కానీ వెంట్రుకవాసి సందు మిగులుతుంది. కప్ప తిండికి వేసే పిల్ల కీచురాళ్లు బయటపడడానికి ఆ సందు చాలు. వారానికోసారి పాత టూత్‌బ్రష్‌తో గాడిని ఊడ్చాలి.

ఇక మూత. మే నెల మధ్యాహ్నం మన దగ్గర గాలిలో తేమ 20, 25 శాతానికి పడిపోతుంది. అంత పెద్ద జాలీ తెరిచి ఉంటే పొద్దున కొట్టిన జల్లు పది గంటలకల్లా ఆవిరైపోతుంది, నాచు గడ్డిలా ఎండుతుంది. మందు సులువే. గ్లాస్ షాపులో 4 మిల్లీమీటర్ల గాజు 43×30 ముక్క కోయించి, అంచులు రాయించి, జాలీ మీద వెనకవైపు పెట్టాలి. ముందు 13 సెంటీమీటర్లు జాలీ అట్లాగే తెరిచి ఉంటుంది. వానాకాలం గాజును ఇంకా వెనక్కి జరిపో, తీసేసో తేమ సర్దుకోవచ్చు. డబ్బు మిగులుతుందని యాక్రిలిక్ షీటు వెయ్యొద్దు, కింద తడి, పైన పొడి తగిలి నెలలోపే అప్పడంలా వంకర తిరుగుతుంది.

ఈ పెట్టే కొనాలా అంటే, తప్పనిసరేం కాదు. వరంగల్, కరీంనగర్‌లలో అక్వేరియం ట్యాంకులు అతికే షాపుల్లో ఇంతకంటే బాగా తక్కువలో చేయించుకోవచ్చు, కాకపోతే కొలతలు మీరే రాసిచ్చి దగ్గరుండి చూసుకోవాలి. గాజు 5 మిల్లీమీటర్లు. ముందు అడుగున 15 సెంటీమీటర్ల గాజు గోడ, దాని మీద 5 సెంటీమీటర్ల జాలీ పట్టీ, ఆపైన అల్యూమినియం చానల్‌లో జరిగే రెండు గాజులు. మూత సగం గాజు, సగం జాలీ. జాలీ కచ్చితంగా స్టెయిన్‌లెస్ స్టీలే అయ్యుండాలి. జీఐ జాలీకి ఉండే జింకు పూత తడికి ఊడి కిందికి దిగుతుంది, కప్ప చర్మానికి అది విషం. కిటికీలకు వేసే ఫైబర్ దోమల జాలీని కీచురాళ్లు కొరికి దారి చేసుకుంటాయి. జరిగే గాజులు రెండూ ఒకదానిమీదొకటి వచ్చే చోట 3, 4 మిల్లీమీటర్ల సందు ఉంటుంది, అక్కడ తలుపులకు అతికే ఫోమ్ పట్టీ వెయ్యాలి. సిలికాన్ బూజు మందు కలవని మామూలు రకం, వాడాక వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా కనీసం వారం ఖాళీగా ఉంచాలి. ఇవన్నీ దగ్గరుండి చేయించుకోగలిగితే లోకల్ ట్యాంకే మేలు. షాపు చుట్టూ తిరిగే తీరిక లేనివాళ్లకు రెడీమేడ్.

లోపలి నేల మూడు పొరలు. అడుగున క్లే బాల్స్ (కాల్చిన మట్టి ఉండలు) 5 సెంటీమీటర్లు, ఈ కొలతకు 10 లీటర్లు పడతాయి. దాని మీద ఫైబర్ దోమల జాలీ ఒక పొర, ఇక్కడ అది పనికొస్తుంది. ఆపైన 7 సెంటీమీటర్ల మట్టి, అంటే 14 లీటర్లు: కొబ్బరి పొట్టు 8, బొగ్గు ముక్కలు 2, కొబ్బరి పీచు ముక్కలు 2, నలిపిన ఎండుటాకులు 2. కొబ్బరి పొట్టు 650 గ్రాముల ఇటుక ఒకటి నానితే 8, 9 లీటర్లవుతుంది. నానబెట్టిన మొదటి నీళ్లు పారబోసి, ఇంకో రెండు మూడుసార్లు కడిగి పిండాలి. పొట్టులో ఉప్పు ఉంటుంది, ఆ ఉప్పు కప్ప చర్మాన్ని కాలుస్తుంది. బొగ్గు ఇస్త్రీ బండ్ల దగ్గర దొరికే కట్టెబొగ్గే సరిపోతుంది, కిరోసిన్ తగలనిది చూసుకుని కడిగి, బటాణీ గింజంత ముక్కలు చెయ్యాలి. చేనులోంచి చల్కా మట్టి తేవొద్దు. తడిస్తే గడ్డకట్టి గాలి ఆడనివ్వదు, పైగా పత్తికి కొట్టిన మందులు ఎన్నో అందులో ఉంటాయి. కలిపిన మట్టిని గుప్పిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలే రావాలి, ధార వస్తే ఎక్కువైనట్టు.

వెనక మూలలో 20 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క, 15 సెంటీమీటర్లది, అడుగు దాకా నిలబెట్టి పైన మూతపెట్టాలి. క్లే బాల్స్‌లో నీళ్లు 2 సెంటీమీటర్లు చేరితే ఈ పైపులోంచి అక్వేరియం గాలి ట్యూబు, పెద్ద సిరంజితో లాగెయ్యొచ్చు. ఈ పైపు పెట్టకపోతే ఆరో నెలకు అడుగున నీళ్లు కుళ్లి మురుగు వాసన వస్తుంది, అప్పుడు మొత్తం తవ్వాల్సిందే.

కొమ్మలకు జామ చెట్టును మించింది లేదు. నున్నగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది, తడికి తొందరగా పుచ్చదు. కప్ప నడుమంత లావు, అంటే 4 నుంచి 6 సెంటీమీటర్ల కొమ్మలు రెండు, ఒకటి ఏటవాలుగా, ఒకటి పైభాగంలో అడ్డంగా. మూడు వారాలు ఎండబెట్టి, మరిగే నీళ్లు పోసి, ఆరాక లోపల పెట్టాలి. కొమ్మ చివర మట్టిలో కాకుండా అడుగు గాజుకు ఆనేలా నిలపాలి, రాళ్లు పెట్టినా అంతే. కరీంనగర్ గ్రానైట్ ముక్క అందంగానే ఉంటుంది, కానీ మట్టి మీద పెడితే ఏదో ఒక రోజు ఒరిగి గాజు పగులుతుంది. వేప కొమ్మ, వేపాకు వద్దు. నేలలో చెత్త తినే చిన్న పురుగులు స్ప్రింగ్‌టెయిల్స్, ఐసోపాడ్స్ వేప చేదుకు నిలవవు. జామాయిల్ ఆకులూ వద్దు. పైన పరిచే ఎండుటాకులకు బాదం, పనస, జామ బాగుంటాయి. ములుగు వైపు వెళ్లేవాళ్లకు టేకు ఆకులు కావాల్సినన్ని, ఒక్కో ఆకు విస్తరంత ఉంటుంది కాబట్టి నాలుగు ముక్కలు చేసి వెయ్యాలి. ఏ ఆకైనా పత్తి, మిర్చి చేల గట్టున ఏరింది కాకూడదు.

మొక్కల్లో మనీ ప్లాంట్, సింగోనియం చాలు, అడుగున ఒక ఫెర్న్. బరువైన కప్ప రాత్రంతా ఎక్కి దిగుతుంటే సున్నితమైన మొక్కలు వారం ఆగవు. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క వేళ్ల మట్టి మొత్తం కడిగి, మూడు నాలుగు వారాలు బయట వేరే కుండీలో ఉంచి, ఆ తర్వాతే లోపల నాటాలి. నర్సరీల్లో వేసే గుళిక మందు వేళ్ల దగ్గరే ఉంటుంది.

నీళ్ల విషయం మన దగ్గర ప్రత్యేకం. బోరు నీళ్లు జల్లితే రెండు వారాలకే గాజు మీద సున్నం వేసినట్టు తెల్లటి చుక్కలు, ఆటోమేటిక్ జల్లు యంత్రం పెడితే దాని ముక్కులు పూడిపోతాయి. జల్లడానికి ఆర్‌ఓ నీళ్లు. గిన్నెలోకి మాత్రం ఆర్‌ఓ వద్దు, ఖనిజాలు లేని నీళ్లలో కూర్చున్న కప్ప ఒంట్లోంచి లవణాలు బయటకు పోతాయి. మిషన్ భగీరథ నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, వెడల్పాటి బకెట్‌లో 24 గంటలు ఉంచి, అక్వేరియం షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు డబ్బా మీది లెక్క ప్రకారం వేసి వాడాలి. గిన్నె 18 సెంటీమీటర్ల వెడల్పు, నీళ్లు కూర్చున్న కప్ప గడ్డం దాకా. కప్ప నోటితో తాగదు, పొట్ట కింది చర్మంతో పీల్చుకుంటుంది. అదే గిన్నెలో మలవిసర్జన కూడా చేస్తుంది. రోజూ మార్చకపోతే ఆ మురికే తిరిగి ఒంట్లోకి ఎక్కి, కాళ్లు కొట్టుకుంటూ పడిపోతుంది.

దీపాలకు ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. మొక్కలకు 10, 12 వాట్ల తెల్ల ఎల్ఈడీ, టైమర్‌తో 12 గంటలు, జాలీకి మూడు సెంటీమీటర్ల ఎత్తులో. యూవీబీ (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చే) ట్యూబు తక్కువ శాతంది, 5 శాతం రకం, తెరిచి ఉన్న జాలీ మీదే పెట్టాలి, గాజు మీద పెడితే యూవీబీ లోపలికి దిగదు. కింద కొమ్మ 25 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, ట్యూబు ఏడాదికోసారి మార్చాలి. హీట్ మ్యాట్ వరంగల్‌లో చాలా ఇళ్లకు అక్కర్లేదు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు డిసెంబరు, జనవరి రాత్రులు 10 డిగ్రీల కిందికి దిగుతాయి కాబట్టి అక్కడ 7, 8 వాట్లది ఒకటి థర్మోస్టాట్‌తో పక్క గాజుకు బయటినుంచి అతికించాలి. అడుగున పెడితే నేల ఎండిపోతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష, ఎండకాలం. పెట్టె పెట్టే గది కింది అంతస్తులో ఉత్తరం వైపుదైతే సగం పని అయినట్టే. డాబా మీది గది, రేకుల గది అయితే ఏ ఉపాయం నిలబడదు. ఏసీ ఉంటే 26లో పెట్టి, ఏసీ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి జల్లు ఒకసారి ఎక్కువ కొట్టాలి. ఏసీ లేనప్పుడు నీళ్లు ఆవిరవడాన్నే వాడుకోవాలి. 42 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉంటే, తడిలోంచి వెళ్లిన గాలి లెక్క ప్రకారం 24 దాకా చల్లబడగలదు. ఇంట్లో అంత రాదు, 29, 30కి దిగినా కప్ప గట్టెక్కుతుంది. జూలైలో 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్నప్పుడు అదే లెక్క 28 దగ్గర ఆగిపోతుంది. మేలో బ్రహ్మాండంగా పనిచేసిన కూలర్ వానాకాలం ఉక్కపోత పెంచడానికి కారణం ఇదే.

చెయ్యాల్సింది ఇది. 80 మిల్లీమీటర్ల 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాను ఒకటి, తెరిచి ఉన్న జాలీ పట్టీ మీద, గాలిని బయటకు లాగేలా పెట్టాలి. కింది పట్టీ నుంచి వచ్చిన పొడి గాలి తడి ఆకుల మీదుగా పైకి పోతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. గంటకు 15 నిమిషాలు చాలు, ఆపకుండా తిప్పితే నేల ఎండుతుంది. ఫ్యాను లోపలికి ఊదేలా పెట్టడం మామూలుగా జరిగే పొరపాటు, నేరుగా తగిలే గాలికి కప్ప చర్మం ఆరి ముడతలు పడుతుంది. గదిలో వట్టివేళ్ల కూలర్ ఉంటే కిటికీ తెరిచి ఉంచాలి, కూలర్ మూతి పెట్టె వైపు తిప్పకూడదు. మధ్యాహ్నం 12 నుంచి 5 దాకా జాలీ మీద గుడ్డ చుట్టిన లీటరు ఐసు బాటిల్ పెడితే చల్లగాలి బరువుకు కిందికి దిగుతుంది. కరెంటు పోయినా ఈ ఫ్యాను ఆగకూడదు. అది తినేది 2 వాట్లే, 12 వోల్టుల 7 యాంపియర్-అవర్ బ్యాటరీని సగం వాడినా 20 గంటలు తిరుగుతుంది. పెట్టె గురించి ఎంత మాట్లాడినా, కప్పను బతికించేది ఈ బ్యాటరీ, ఈ ఫ్యానే.

వేడి ఎంతుందో తెలియాలంటే వైరు చివర పుల్లలాంటి ప్రోబ్ ఉన్న డిజిటల్ థర్మామీటర్లు రెండు, ఒకటి పై కొమ్మ దగ్గర, ఒకటి నేల దగ్గర. పెట్టెతో పాటు అమ్మే ముల్లు డయల్‌ను నమ్మొద్దు. ఆ గదిలో దోమల కాయిల్, లిక్విడ్ దోమల మందు, ఫినాయిల్, కలరా ఉండలు ఏవీ వాడకూడదు. చర్మంతో ఊపిరి పీల్చే జీవికి గదిలో కొట్టిన మందంతా ఒంట్లోకే పోతుంది. దోమతెర కట్టుకోవాలి.

తిండి దొరికే దారి చూసుకున్నాకే కప్ప సంగతి. పెద్దదానికి వారంలో రెండుసార్లు, పూటకు నాలుగు నుంచి ఆరు కీచురాళ్లు, దాని కళ్ల మధ్య దూరం కంటే లావు లేనివి, కాల్షియం పొడిలో దొర్లించి. కళ్ల మీది మడత వేలాడి కంటిని మూస్తోందంటే తిండి ఎక్కువైనట్టు. వానాకాలం బాత్‌రూంలోకొచ్చే మన చెట్టుకప్పను పట్టి ఇందులో పెట్టే ఆలోచన వద్దు, మన కప్పల్లో కొన్నిటికి 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. పుట్టి పెరిగిందీ పెంపకంలోనే అయిన కప్పను బిల్లుతో కొనాలి. డార్ట్ ఫ్రాగ్స్, రెడ్ ఐడ్ ట్రీ ఫ్రాగ్స్ సైట్స్ (CITES, అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్నాయి కాబట్టి పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. పెట్టె కడిగిన నీళ్లు భద్రకాళి చెరువులోకో, వడ్డేపల్లి చెరువులోకో చేరే కాలువలో పొయ్యకూడదు. కప్పలను ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టే కైట్రిడ్ ఫంగస్ నీళ్లతోనే పాకుతుంది. ఒక పాలు బ్లీచ్ తొమ్మిది పాళ్ల మురికి నీళ్లలో కలిపి, గంట ఉంచి, టాయిలెట్‌లో పొయ్యాలి.

కొనే కాలం కూడా ముఖ్యమే. పెట్టెను సంక్రాంతి తర్వాత తెచ్చుకోండి, నేల, మొక్కలు, స్ప్రింగ్‌టెయిల్స్ వేసి ఆరు వారాలు నడవనివ్వండి. అన్నీ కలిపి 30, 35 కిలోలవుతుంది, టేబుల్ అది మొయ్యాలి. కప్ప లేకుండానే ఫ్యాను, ఐసు, కూలర్ అన్నీ పెట్టి మే చివరి వారం మధ్యాహ్నం మూడింటికి నేల దగ్గరి పుల్ల చూడండి. వరుసగా పది రోజులు 30 లోపే ఉంటే మృగశిర దాటాక కప్పను తెచ్చుకోవచ్చు. 33, 34 చూపిస్తే ఆ పెట్టెలో మొక్కలే పెంచుకోండి, మనీ ప్లాంట్ అందులో ఎంతో బాగా పెరుగుతుంది.